సెరటోనిన్ దారిలో కుర్చీ

అరకు దగ్గర డిగ్రీ కాలేజీలో నేను జంతుశాస్త్రం చెబుతాను. పేరుకు గెస్ట్ లెక్చరర్ని. గెస్టు అన్న మాటే గానీ, ఏటేటా మార్చి వచ్చేసరికి ఉంచుతారో సాగనంపుతారో తెలియక గుండె పీచుపీచుమంటూ ఉంటుంది. ఆ ఏడు విశాఖపట్నం నుంచి ఒక పెద్దాయన నా పాఠం చూడటానికి వస్తారనీ, ఆయన సరేనంటేనే నేను కొనసాగుతాననీ ప్రిన్సిపాల్ గారు చెప్పారు. చెప్పి, "ధైర్యంగా ఉండండి" అన్నారు. దాంతో ఉన్న ధైర్యం కాస్తా పోయింది.

పాఠం కూడా అలాంటిదే వచ్చి పడింది. మెదడులో ఒక నరకణం ఇంకోదానికి కబురు పంపడానికి సెరటోనిన్ అనే పదార్థాన్ని బయటికి వదులుతుంది. కబురు అందాక దాన్ని మళ్ళీ లోపలికి చేర్చాలి. ఆ పని కణం పొరలో ఉండే ఒక ప్రోటీన్‌ది. అది రెండు వైపులా ఒకేసారి తెరుచుకోదు. ముందు బయటివైపు నోరు తెరుస్తుంది. సెరటోనిన్ వచ్చి నడుమ కూర్చోగానే ఆ నోరు మూసి, ఒళ్ళు విరుచుకుని, లోపలివైపు తెరుస్తుంది. అదీ ఉప్పులో ఉండే సోడియం తోడు వస్తేనే. ఇదంతా బోర్డు మీద బొమ్మ వేస్తే, అది చేపా, చెప్పా అని మా పిల్లలు అడిగారు.

అందుకని పిల్లల చేత మా కొండల నాట్యం థింసా ఆడించాను. మా ఆడపిల్లలు ఒకరి నడుం వెనక ఒకరు చేతులు బిగించి రెండు వరుసలు కట్టారు; అదే ప్రోటీన్. మధ్య జాగా సెరటోనిన్‌ది; ఆ వేషం ఇంకొందరు పిల్లలు కట్టారు. డప్పు ఒక దెబ్బకు బయటి కొసలు విడిపోతాయి, ఇంకో దెబ్బకు అవి కలిసి లోపలి కొసలు విడిపోతాయి. వాళ్ళెవరికీ అడుగు తప్పలేదు. నాకే తప్పింది. నన్ను డప్పు దగ్గరికి తరిమేశారు.

పాఠం రోజున పెద్దాయన ఘాట్ రోడ్డు మలుపులకు మొహం వేలాడేసుకుని కారు దిగారు. నేను డప్పు కొట్టాను. బయటి కొసలు విడిపోయాయి. దగ్గరగా చూద్దామని ఆయన సరిగ్గా ఆ నోట్లోకి నడిచివచ్చి నిలబడ్డారు. ఆట నడిపే అమ్మాయి ఠక్కున ఆగిపోయింది.

"సుట్టాన్ని నిలబెట్టీసి ఆడతామేటి సార్? బేగి కుర్సీ తెండర్రా!"

మా కొండల్లో ఇంటికొచ్చిన మనిషి కూర్చుని నీళ్ళు తాగితే గానీ ఏ పనీ కదలదు. కుర్చీ వచ్చింది. ఆయన ప్రాణం లేచొచ్చినట్టు కూలబడ్డారు. చెంబుతో నీళ్ళూ వచ్చాయి. నేను డప్పు మీద దెబ్బ వేస్తూనే ఉన్నాను. కూర్చున్న పెద్దమనిషి మీదికి వరుస మూయడం మర్యాద కాదని పిల్లలు కదలరు. సెరటోనిన్ వేషం కట్టినవాళ్ళు లోపలికి పోలేక బయట పోగుపడి కిసుక్కుమంటున్నారు. ప్రిన్సిపాల్ గారు నన్ను చూడటం మానేసి ఆకాశం చూస్తున్నారు. నా ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాను.

"ఇంతకీ ఇందులో నేనెవరినండీ?" అన్నారు పెద్దాయన.

బయట పోగుపడ్డ సెరటోనిన్‌లను చూసేసరికి నాకు వెలిగింది.

"మీరు డిప్రెషన్‌కిచ్చే మాత్ర సార్," అన్నాను. "ఆ మాత్రల్లో చాలావాటి పని ఇదే. సెరటోనిన్ కూర్చునే చోట మాత్ర కూర్చుంటుంది. ప్రోటీన్ నోరు మూయలేదు, ఒళ్ళు తిప్పలేదు. సెరటోనిన్ ఇంకాసేపు బయటే ఉంటుంది, కబురు ఇంకాసేపు వినబడుతుంది."

"అంటే, మనిషికి మత్తు పెట్టి పడుకోబెట్టడం కాదా దాని పని?"

"కాదు సార్."

ఆట నడిపే అమ్మాయి గొంతు సవరించుకుంది. "మరి మాత్ర లేసిపోతే ఏటవుద్ది సార్?"

పెద్దాయన్ని లేవమనడానికి అంతకంటే మర్యాదైన దారి నాకూ తట్టలేదు. ఆయన లేచారు. డప్పు మోగింది. వరుస మూసుకుంది, లోపలివైపు తెరుచుకుంది, సెరటోనిన్‌లు నవ్వుకుంటూ లోపలికి పోయాయి.

ఆయన మాత్రం నవ్వలేదు. నా పక్కకు వచ్చి, "మా ఆవిడ ఆ మాత్రే వేసుకుంటోంది. మనసు గట్టిగా ఉంటే మాత్రలెందుకని రోజూ సాధిస్తున్నాను," అన్నారు. ఆయన మీద జాలేసింది, ఆవిడ మీద ఇంకా ఎక్కువ వేసింది. ఆయన వరండా చివరికి వెళ్ళి ఫోన్ చేశారు. "వేసుకున్నావా? లేదులే, తిట్టడానికి కాదు," అన్నది నాకు వినబడింది.

ఆయన కారెక్కేటప్పుడు నా ఉద్యోగం సంగతి అడగడానికి నోరు రాలేదు. ఆయనే అద్దం దించారు.

"వచ్చే ఏడు ఈ పాఠం ఎప్పుడు చెబుతారో ముందుగా కబురు చేయండి. మా ఆవిణ్ణి తీసుకొస్తాను."