మా నాయనమ్మ గెలిచిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మా నాయనమ్మతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. గద్వాలలో మాది మగ్గాల ఇల్లు. ఆవిడ నోరు విప్పితే మగ్గాలన్నీ ఆగిపోయేవి. అలాంటి మనిషి ఒకరోజు, "ఆడపిల్లకు సదువెందుకే? రేపటి సంది ఇంట్ల కూసొని కండెలకు నూలు సుట్టు" అనేసింది. మా నాయన తలవంచుకున్నాడు. నాకేమో బడంటే ప్రాణం. మూల కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

పట్నంలో యూనివర్సిటీ చదువుతున్న మా చిన్నాయన అప్పుడు సెలవులకు వచ్చి ఉన్నాడు. అక్కడ ఆయన చర్చా సంఘంలో సభ్యుడు. హాస్టల్లో పప్పు దగ్గర మొదలైన తగాదాలు చెంబులు విసురుకునేదాకా పోతుంటే, కొట్లాడేదేదో పద్ధతిగా కొట్లాడండని ఒక పంతులుగారు ఆ సంఘం పెట్టించారట. అందులో ఒక వింత కట్టుబాటు ఉంది. ఎవరికి ఏది ఇష్టమో దానికి ఎదురు వైపు వాదించాలి. విన్నవాళ్ళు చేతులెత్తి తీర్పు చెబుతారు. మా ఇంటి తగాదా కూడా అలాగే తేలుద్దామన్నాడు చిన్నాయన.

"అమ్మా, బడి మంచిదని నువ్వు చెప్పాలె, వద్దని పోరి చెప్పాలె. ఎవరు గెలిస్తే వాళ్ళు చెప్పినట్టే చేద్దం. ఓడిపోతనని భయమైతే వద్దులే!"

ఆ మాటతో నాయనమ్మ కొంగు బిగించింది. తీర్పు చెప్పడానికి నేతపనివాళ్ళంతా మగ్గాలు ఆపి చుట్టూ చేరారు.

ముందు నా వంతు. ఎండలో నడక, పంతులమ్మ బెత్తం అంటూ మొదలుపెట్టానో లేదో నాకు ఊపొచ్చేసింది. నేను బడికి పోతే కండెలెవరు చుడతారని నేనే అందరినీ నిలదీశాను. మా నాయన తలూపుతుంటే చిన్నాయన ముఖం పాలిపోయింది. గెలుస్తున్నానన్న సంబరంలో నా కొంప నేనే ముంచుకుంటున్నానని నాకు తట్టనే లేదు.

సమయం అయిపోయిందని చెప్పడానికి చిన్నాయన పూజగంట తన దగ్గర పెట్టుకున్నాడు. నాయనమ్మ లేచి బడి గొప్పలు ఏకరువు పెడుతుండగా గంట కొట్టాడు. ఆవిడ ఠక్కున కళ్ళు మూసుకుని, చెంపలేసుకుని, దండం పెట్టుకుని, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. గంట కొట్టినప్పుడల్లా ఇదే తంతు. నేతపనివాళ్ళు పడి పడి నవ్వారు.

చివరికి ఆవిడ గొంతు తగ్గింది. "నా కొడుకు పట్నంకెల్లి చిట్టీ రాస్తే, అది సదివేటంత సదువు ఇంట్ల ఎవ్వరికీ లేక పక్కింటోనితోని సదివించుకుంట. నా కొడుకు ముచ్చట ముందుగాల వానికి తెలుస్తది, ఆనక నాకు. నాకు సదువొస్తే గిట్లెందుకుంటది?" అంది. అని, తన మాట తనే విన్నట్టు అలాగే నిలబడిపోయింది.

చేతులన్నీ నాయనమ్మ వైపే లేచాయి. "సూసినవా, గెలిసిన!" అని నా వైపు గర్వంగా చూసింది. ఏం గెలిచిందో ఆవిడకు అర్థమయ్యేసరికి మా నాయన నవ్వాపుకోలేక మగ్గం గుంటలోకి దిగిపోయాడు. మర్నాడు పొద్దున చిన్నాయనను తిట్టుకుంటూనే నాకు తల దువ్వి, బడి దాకా తనే వచ్చి దింపింది.

ఇప్పుడు నాకూ ఆవిడంత వయసొచ్చింది, ఆవిడంత నోరూ వచ్చింది. అయినా మా ఆయనతో తగాదాకు దిగేముందు, వంటింట్లోకి పోయి ఆయన వైపు మాట ఒకసారి నా నోటితో చెప్పి చూసుకుంటాను. చాలాసార్లు తగాదా అక్కడితోనే సరి. తనకు భయపడి తగ్గానని ఆయన అనుకుంటాడు. మా నాయనమ్మ తగ్గించిందని ఆయనకేం తెలుసు!