తడిసిన బస్తాకి పడ్డ ఓటు

ఇవాళ తిరువూరు మార్కెట్ యార్డులో హమాలీల సంఘానికి ప్రెసిడెంటు ఎన్నిక జరిగింది. నేను ఏ పక్షానికీ పనికిరానని అందరికీ గట్టి నమ్మకం. అందుకే పక్కనే ఎరువుల కొట్టు నడుపుకునే నన్ను పిలిచి ఓట్లు లెక్కపెట్టమన్నారు. కావాల్సిన మనిషి పేరు పక్కన ఇంటూ గుర్తు పెట్టాలని గోడ మీద నేనే రాయించాను.

సాయంత్రం లెక్కలో ఒక్క స్లిప్పు మిగిలేసరికి, పోటీలో ఉన్న యేసోబుకీ, వెంకటేశ్వర్లుకీ ఓట్లు సమానంగా ఉన్నాయి. ఆ ఆఖరి స్లిప్పు విప్పితే వెంకటేశ్వర్లు పేరు పక్కన మిగతా వేటిమీదా లేనంత పెద్ద ఇంటూ ఉంది. గెలిచాడని చెప్పబోతుంటే యేసోబు లేచాడు.

"ఆగండి సార్! ఆ ఇంటూ వద్దని పెట్టింది. తడిసిన బస్తాకి ఇంటూ కొట్టి పక్కన పెట్టమా మనం?"

"ఓటేసినోడి మనసులో మాట నీకెట్టా తెలుసయ్యా?" అన్నాను.

"తెలీకపోవడమేంటండీ? వేసింది నేనేగా!"

యార్డంతా గొల్లున నవ్వింది. వెంకటేశ్వర్లు కూడా నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ, "నన్ను తడిసిన బస్తాని చేశావా బావా!" అన్నాడు.

మళ్ళీ ఓటింగు పెడదామా అని అడిగాను. యేసోబు గోడ వైపు చూసి తల గోక్కున్నాడు. "ఎందుకులెండి. రాసింది చూడకుండా అలవాటుకొద్దీ కొట్టేశాను" అని, వెంకటేశ్వర్లుని అమాంతం వీపు మీదకెత్తుకుని యార్డు చుట్టూ తిప్పాడు. "తడిసినా సరే, మన యార్డు బస్తాని మనమే మొయ్యాలి!" అని ఒకటే కేకలు.

చిన్నప్పుడు బళ్ళో నా పలక నిండా ఇంటూలే ఉండేవి. వాటితో ప్రెసిడెంటు కూడా కావచ్చని ఇవాళే తెలిసింది. ఇంతకీ ఆ ఓటు ఎవరికి పడ్డట్టంటారు?