ఎడమ చెవికి హాఫ్ స్టెప్

జ్వరం తగ్గాక కూడా నా ఎడమ చెవి మూసుకుపోయినట్టే ఉండిపోయింది. డాక్టరు వినికిడి పరీక్ష చేయించుకోమన్నాడు. నాకు భయం. మా నాన్నకు ఒక చెవితో మొదలై రెండోదీ పోయింది. అందుకని ఆ పరీక్ష ఎగ్గొట్టి, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా వీధి చివర కీబోర్డు క్లాసులో చేరాను. స్వరం పట్టుకోగలిగితే చెవి బాగున్నట్టే కదా అని నా తెలివి.

టీచరమ్మ ఈ ఊళ్ళోనే కాటన్‌పేటలో పుట్టి పెరిగిన తెలుగావిడ, మాటల్లో కన్నడం దొర్లుతుంటుంది. మొదటి క్లాసులోనే చూపించింది. ఒక మీట నుంచి దాని పక్క మీటకు, అది తెల్లదైనా నల్లదైనా సరే, వెళితే హాఫ్ స్టెప్. మధ్యలో ఒకటి వదిలి వెళితే హోల్ స్టెప్. ఓస్, ఇంతేనా అనుకున్నాను.

తర్వాతి క్లాసులో ఒక స్వరం వాయించి, "దీనికి హోల్ స్టెప్ పైన పాడప్పా" అంది. పాడాను.

"నువ్వు పాడింది హాఫ్ స్టెప్పే. చెవి పెట్టి విను."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి ఎడమ చెవి మీదికి పోయింది. మళ్ళీ పాడాను, మళ్ళీ అదే. అయిపోయింది, నాన్న దారే నాదీ అనుకున్నాను.

"ఏల సుమ్నే, ఊరికే బెదురుతాండావు? చిన్నప్పుడు సంగీతం నేర్సుకుంటివా?"

"సరళీ స్వరాల దాకా నేర్చుకున్నానండీ."

ఆమె పకపకా నవ్వింది. "అదీ కథ! మనోళ్ళకు మొదట నేర్పేది మాయామాళవగౌళ రాగమే కదా. దాంట్లో స పక్కనే రి ఉండాది, హాఫ్ స్టెప్పే. నీ గొంతు పాత అలవాటు ఇడ్సలేదు, అంతే."

ప్రాణం లేచొచ్చింది. ఆ సంబరంలో చెవి సంగతి, నాన్న సంగతి అన్నీ కక్కేశాను. ఆమె నవ్వు ఆపి, నన్ను గోడవైపు తిరిగి నిలబడమంది. రెండేసి స్వరాలు వాయిస్తుంటే హాఫ్, హోల్, హోల్, హాఫ్ అంటూ అన్నీ సరిగ్గా చెప్పాను.

"బాగుండాదప్పా. ఇప్పుడు కుడి చెవి మూసుకో."

వద్దనడానికి సిగ్గేసి, వేలు పెట్టి గట్టిగా మూసుకున్నాను. గోడ మీద సున్నం పెచ్చులు చూస్తూ కాచుకున్నాను. ఈవిడ ఇంకా మొదలుపెట్టదేం అని విసుగొచ్చి, "వాయించండి మేడమ్" అంటూ వెనక్కి తిరిగాను.

ఆమె వేళ్ళు మీటల మీదే ఉన్నాయి. ఒకదాని తర్వాత ఒకటి నొక్కుతూనే ఉంది.