కంచరవారి వీధి గోడ

"...వెలిసిపోయిన ఈ వీధి పేరు కూడబలుక్కుని చదువుకోవాలా, ఆసుపత్రి బండివాడు? డబ్బా తెస్తావు, కుంచె తెస్తావు, పెళ్ళిచూపులకొచ్చినట్టు గోడకేసి చూసి వెళ్ళిపోతావు."

"వేస్తానండి, మంగాయమ్మగారూ."

"ఎప్పుడయ్యా? మొన్న మా ఆయనకి ఊపిరాడకపోతే ఆ బండి పక్కవీధిలో తిరిగింది. పైగా చివరి అక్షరం కిటికీకి ఆనుకుని ఇరుక్కుపోయింది. మీ నాన్న నిదానస్తుడే, ఇది రాసిన రోజేం తొందరొచ్చిందో."

ఫహీమ్ రంగు డబ్బా మూత తీశాడు. తల్లి ఖైరున్నీసా ఎదురరుగు నీడలో నిలబడి చూస్తోంది. ఆమెను ఈ గోడ దగ్గరికి తీసుకొచ్చింది అతనే.

ఏలూరులో ఆ పేట గోడలమీది వీధుల పేర్లు అతని తండ్రి మొహిద్దీన్ రాసినవి. తాడేపల్లిగూడెం మిల్లులకూ, కలిదిండి చేపల మేత కొట్లకూ బోర్డులు రాసిన చెయ్యి అది. ముందు తలకట్లన్నీ వరసగా పెట్టుకుని, తర్వాత వాటి కింద అక్షరాలు దించేవాడు. ఆ అలవాటున్నా ఈ గోడమీద మాత్రం చోటు అంచనా తప్పి, 'వీధి'లో 'ధి' కిటికీ చెక్కకు ఒదిగిపోయింది. ఫ్లెక్సీలొచ్చాక కుంచెలు ఎండిపోయాయి. కొన్నాళ్ళకు ఆయనా పోయాడు. ఫహీమ్ ఫ్లెక్సీ షాపులోనే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

వెలిసిపోయిన పేర్లను మళ్ళీ రాయమని అతన్నెవరూ అడగలేదు. తనే ఆదివారాలు పెచ్చులు గీకి, తెల్లరంగు పూసి, తండ్రి పద్ధతిలోనే తలకట్లు పెట్టుకుని రాశాడు. నాన్నను నిలబెడుతున్నాననుకున్నాడు. పేటంతా మెచ్చుకుంది.

చెల్లెలు అస్మా మాత్రం ఒకరోజు అన్నం వడ్డిస్తూ అంది: "అమ్మీ బజారుకి అంత చుట్టు తిరిగి ఎందుకెళ్ళేదో తెలుసా, అన్నా? అబ్బా రాసిన గోడలు చూసుకుంటూ వెళ్ళేది. ఇప్పుడు తిన్నగా వెళ్ళి తిన్నగా వస్తోంది."

అతను తల్లినడిగాడు. "బాగానే రాశావురా. నీ చెయ్యి నీది," అంది ఆమె, బియ్యంలో రాళ్ళేరుతూ.

అప్పటికి తండ్రి చేతిరాత మిగిలింది కంచరవారి వీధిలోనే. అక్కడ గీకుడురేకు గోడకు ఆనించడం ఇక అతనివల్ల కాలేదు. అందుకే ఇవాళ తల్లిని వెంట తెచ్చాడు.

ఖైరున్నీసా అరుగు దిగి వచ్చింది. 'ధి'ని వేలితో తడిమింది. ఎర్రటి పొడి వేలికంటింది.

"అయ్యగారికి ఇప్పుడెలా ఉందండీ?"

"ఉన్నారమ్మా. ఒక మెట్టెక్కినా ఆయాసమే. రాత్రయితే నాకు భయం."

"ఇది రాసిన రోజు వానొచ్చిందండీ," అంది ఖైరున్నీసా, గోడనే చూస్తూ. "చివర్లో నేను గొడుగు పట్టాను. చెయ్యి లాగేస్తోంది త్వరగా కానివ్వండీ అని ఆయన్ని సతాయించాను."

ఫహీమ్ డబ్బా మూత మళ్ళీ బిగించబోయాడు.

"ఉండనీ, అమ్మీ. పక్క గోడమీద కొత్తగా రాస్తాను."

"పక్క గోడ వీధి లోపలికి పోయింది. మలుపులో బండివాడికి కనిపించేది ఇదే." ఆమె కొంగుతో వేలు తుడుచుకోలేదు. "మొత్తం గీకెయ్యి, ఫహీమ్. ఇవాళే రాసెయ్యి. 'ధి'కి చోటు వదులు."