ఎరువుల సొమ్ము

మా ఆయన ఎరువుల కంపెనీలో పనిచేసి పోయాక, ఆయన పేర ఉన్న కాసిని షేర్లు నా పేరుకి మారాయి. నెల్లిమర్ల నుంచి రోజూ పాసింజరెక్కి వెళ్ళే మా తమ్ముడికి రేవులో అదే కంపెనీ ఓడల్లోంచి రాయి దించే కాంట్రాక్టు పని ఇప్పించిందీ ఆయనే. ఏడాదికోసారి కంపెనీ నుంచి లావుపాటి పుస్తకం ఒకటి పోస్టులో వస్తుంది. బడిలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని, అచ్చులో ఏది కనిపించినా చదవకుండా ఉండలేను. ఫాస్ఫేటు రాయి తెచ్చే చోట్ల జాబితాలో, చిన్న అక్షరాల్లో, ఒక ఎడారి నేల పేరు చూశాను.

ఆఫ్రికాలో ఉందది. పాత దొరలు వదిలిపోగానే పక్క రాజ్యం వచ్చి కూర్చుంది. నేల ఎవరిదన్న తగువు ఇంకా తేలలేదు. సొంత మనుషులు చాలామంది సరిహద్దు అవతల గుడారాల్లోనే పుడుతున్నారు, అక్కడే పోతున్నారు. వాళ్ళనడక్కుండా తవ్విన రాయి మన వరిచేలకి ఎరువవుతోంది. కంపెనీలో పెద్ద వాటా ఉన్న విదేశీ పింఛను నిధి ఒకటి, ఈ రాయి కొనడం మానకపోతే షేర్లు అమ్మేస్తామని ఉత్తరం రాసిందట. పేపర్లో చదివాను. నాకూ ఒళ్ళు మండింది. లాభంలో వాటా ఉన్నప్పుడు పాపంలో ఉండదా?

వార్షిక సమావేశం ఫోన్లోనే, వీడియోలో. ముందుగా పేరిస్తే మూడు నిమిషాలు మాట్లాడనిస్తారు. నా వంతు వచ్చాక తెలుగులోనే అడిగాను. "ఆ నేల మనుషులు ఒప్పుకున్నారా? లేకపోతే అది మనది కాదు. ఎరువుల సొమ్ము బరువుల చేటు అంటారు." ఎరువంటే అడిగి తెచ్చుకున్నదని, సొమ్మంటే నగ అని కూడా అర్థముందని, తర్జుమా చేసే ఆవిడకి తెలిసినట్టు లేదు. ఛైర్మన్ గారు ఎంతో మర్యాదగా జవాబిచ్చారు. బస్తాల బరువు యంత్రమే తూస్తుందట, తేడా వస్తే డీలరుకి చెప్పాలట. మరో మాట అనేలోగా నా మైకు కట్టేశారు.

అడిగేటప్పుడు తమ్ముడు గుర్తురాలేదు. ఇది దాచను. ఎవరో నేను మాట్లాడిన వీడియో ముక్కని వాట్సాప్‌లో పెట్టారు. రెండు నెలలకి ఆ ఓడలు ఆగాయి. ఆపింది నిధి ఉత్తరమే గానీ, రేవులో అందరికీ తెలిసిన మొహం నాది. అందరికంటే ముందు ఇంటికి పంపింది మా తమ్ముణ్ణి.

"నువ్వు సెప్పింది నిజవే అప్పా. మరి మా గేంగుకి నానేటి సెప్పీది? ఓడ రాకపోతే పొయ్యెలాగ ఎలుగుతాది?" అన్నాడు. తిట్టినా బాగుండేది. పని పోయిన మూడో నెలలో మరదలి చెవులకి కమ్మల బదులు చీపురుపుల్లలు చూశాను.

ఇక ఎప్పటికీ కొనబోమని కంపెనీ రాసివ్వలేదని, నిధి చివరికి షేర్లు అమ్ముకుని చేతులు కడుక్కుంది. అడిగే పెద్ద చెయ్యి పోయేసరికి ఓడలు మళ్ళీ వచ్చాయి, తమ్ముడికి పని దొరికింది. పుస్తకంలో మాత్రం ఈసారి ఆ నేల పేరు లేదు. దాని మీద కూర్చున్న రాజ్యం పేరుంది.

ఈ ఏడూ పేరిచ్చాను. సమావేశంలో రెండుసార్లు పిలిచారు. మరదలి చెవులే కళ్ళముందు మెదిలాయి, మైకు తెరవలేదు. నాకంటే పిరికిది ఉండదనిపించింది. ఇంకో వాటాదారుణ్ణి పిలిచి, డివిడెండు సంగతి మాట్లాడుకున్నారు.

సాయంత్రం తమ్ముడు పనినుంచి నేరుగా వచ్చాడు. "ఏటప్పా, అడిగినావా?"

"సిగ్నలు లేదురా."

నా మొహంలోకి చూశాడు. "పోనీలే. మంచి పనే అయింది," అని పెరట్లోకి వెళ్ళి చొక్కా విప్పి దులిపాడు. ఎవరిదో నేల, పొడిపొడిగా మా బచ్చలిపాదు మీద పడింది. ఆ ఆకే కోసి, కడిగి, పప్పులో వేశాను. ఇద్దరం తిన్నాం.