నమకం వచ్చు, పేరే రాదు

తొంభైల్లో మా కోనసీమలో కొబ్బరికాయలకీ సలహాలకీ కరువుండేది కాదు. నాకు నత్తి ఉందని తెలియగానే ఎదురుపడ్డవాళ్ళందరూ వైద్యులైపోయేవారు. వస అరగదీసి రాసీ రాసీ నా నాలిక చెప్పుతోలైపోయింది. (చిన్నప్పుడు ఎవరో నత్తివాణ్ణి వెక్కిరించి ఉంటానని మా మేనత్తగారు తేల్చేసేరు. వెక్కిరింతకైనా మాట పూర్తవ్వాలి కదండీ!) వీటన్నిటికీ మించిన ఆపద ఇంకోటుంది. నలుగురితో గొంతు కలిపితే శివుడి అభిషేకంలో చదివే నమకం నాకు వరదగోదారిలా వచ్చేసేది, ఒక్క అక్షరమూ అడ్డుపడేది కాదు. అది చూసి మా పెదనాన్నగారు తీర్పిచ్చేసేరు. "వీడికి నత్తీ లేదు, గిత్తీ లేదు. మంత్రానికి తిరిగే నాలిక మాటకి తిరగదూ? ఒట్టి బద్ధకం!"

డిగ్రీ అయ్యేక అమలాపురంలో ఓ ప్రైవేటు బళ్ళో తెలుగు మాస్టారి ఉద్యోగం ఉందని తెలిసింది. అది రాకపోతే జీవితాంతం పెదనాన్నగారి వెనకాల తద్దినాలకి చెంబు మోసుకుంటూ తిరగడమే. ఇంటర్వ్యూకి ఆయనే తీసుకెళ్ళేరు. కూర్చోగానే, "మావాడి ఉచ్చారణ వినండి" అంటూ నమకం ఎత్తుకున్నారు. నేనూ గొంతు కలిపేను. ప్రిన్సిపాలుగారు బల్లకింద చెప్పులు విడిచేసేరు. నెత్తిమీద ఫ్యాను సైతం ఆగి విన్నది (కరెంటు పోయిందని గిట్టనివాళ్ళంటారు).

"అద్భుతమండీ! మాక్కావలసింది మీలాంటివారే. ఇంతకీ మీ పేరు?"

"సు... సు... సు..."

దవడ బిగిసిపోయింది, కళ్ళు మూతబడ్డాయి. ఈలోగా గోదారిలో ఓ పంటు అవతలి ఒడ్డుకెళ్ళి తిరిగొచ్చి ఉంటుంది. కళ్ళు తెరిచేసరికి ప్రిన్సిపాలుగారు మిరపపండులా ఉన్నారు.

"వేదం గడగడా చదివేసి, పేరు దగ్గర మాతో వేళాకోళమా?"

నన్ను కాపాడుతున్నాననుకుని పెదనాన్నగారు చేతులు జోడించేరు. "ఆయ్, వేళాకోళమేనండి! ఇంట్లోనూ ఇంతేనండి!"

కాదండీ, నాకు నిజంగానే నత్తండీ అని చెబితే సరిపోయేది. ఆ ముక్క చెప్పడానికీ ఆ నోరే కావాలి. చివరికి నా పేరు పూర్తిగా, ముత్యంలా బయటికొచ్చింది. వరండాలో, చెప్పులేసుకుంటుంటే. లోపల అప్పటికే ఇంకో కుర్రాడు తన పేరు చెప్పేస్తున్నాడు.

చాలా ఏళ్ళకి ఓ డాక్టరుగారు చెప్పేరు. నత్తి బద్ధకం కాదట, భయం కాదట, తెలివితక్కువతనం అంతకన్నా కాదట. పదిమందితో కలిసి చదివితే సాగిపోవడం, ఒంటరిగా సొంత పేరు చెప్పబోతే అడ్డుపడడం చాలామందికి మామూలేనట. పరుగున వెళ్ళి పెదనాన్నగారికి చెప్పబోయేను. "పె... పె..." అంటుండగానే ఆయన, "మళ్ళీ మొదలెట్టేడు" అని గోడవేపు తిరిగి పడుకున్నారు.

వరండాలో నిలబడ్డ ఆ కుర్రాణ్ణి, అదే అప్పటి నన్ను, తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఎదురుగా కూర్చుని, వాడు చెప్పేదంతా చివరిదాకా వినాలనిపిస్తుంది. నాకిప్పుడు కావలసినంత తీరిక. వాడే లేడు.