అత్తగారి అమిగ్డాలా

తెనాలిలో ఒక కాలేజీలో ఇంటర్ పిల్లలకి జువాలజీ చెబుతాను. మెదడు పాఠంలో లింబిక్ వ్యవస్థ దగ్గరికి వచ్చేసరికి పిల్లలకి నోరు తిరగదు, నిద్రొస్తుంది. అందుకని ఒక చిట్కా చెబుతాను. "హిప్పోకాంపస్ అంటే జరిగిందల్లా రాసుకునే గుమస్తా. అమిగ్డాలా వీధికుక్క. దానికి చదువు రాదు గానీ, రాయి విసిరిన చెయ్యిని మర్చిపోదు. అది మొరిగిందంటే హైపోథాలమస్ గుండెకి దడ పుట్టిస్తుంది, అరచేతులకి చెమటలు పట్టిస్తుంది." పిల్లలు నవ్వుకుంటూ రాసుకుంటారు. ఏళ్ల తరబడి చెప్పిన ఈ పాఠంలో రెండో సగాన్ని, ఇంట్లో నాకు అడ్డమొచ్చినప్పుడు పక్కన పెట్టేశాను.

తొమ్మిదేళ్ల కిందట మా ఆడపడుచు పెళ్లి ప్రధానం నాడు రేపల్లె నుంచి ఫోనొచ్చింది. మా అమ్మకి ఆఖరి ఘడియలని, నన్నే పిలుస్తోందని. నేను వంటింట్లో ఉన్నాను, ఫోను మా అత్తగారు ఎత్తారు. చుట్టాలంతా భోంచేసి వెళ్లాక, సాయంత్రం చెప్పారు. గంట ప్రయాణం. నేను వెళ్లేసరికి అమ్మ లేదు. తిరిగొచ్చి అడిగితే, "చెబితే మాత్రం ఆపగలిగేదానివా?" అన్నారావిడ. ఒక్కసారి తప్పయిందంటే చాలనుకుంటూ ఇన్నేళ్లూ ఆవిడకి అన్నం వడ్డించాను.

నిరుడు అత్తగారికి గుండె ఆగింది. గుంటూరులో డాక్టర్లు దాన్ని మళ్లీ నడిపించారు గానీ, ఆ కాసేపు నెత్తురు అందక హిప్పోకాంపస్ దెబ్బతింది. గడిచిన పదేళ్లూ తుడిచిపెట్టుకుపోయాయి. కొత్తగా ఏం చెప్పినా పది నిమిషాలకి మించి నిలవదు. మా అమ్మ సంగతి ఎత్తితే, "అయ్యో, మీ అమ్మ పోయిందా తల్లీ? నాకెవరూ చెప్పలేదే" అని నా తల నిమిరారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత సులువుగా తప్పించుకున్న మనిషిని నేనెక్కడా చూడలేదు.

ఒకరోజు కాలేజీ నుంచి వచ్చి గేటు తీస్తుంటే, "మా అమ్మ భట్టిప్రోలు నుంచి ఇంకా రాలేదేంటమ్మా?" అని అడిగారు. ఆ ముసలమ్మ పోయి అయిదేళ్లయింది. ఏదో సర్దిచెప్పొచ్చు. చెప్పలేదు. "మీ అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది, మట్టి కూడా చేసేశారు" అన్నాను. ఆవిడ గుండెలు బాదుకుని ఏడ్చారు. పది నిమిషాల తర్వాత కళ్లు తుడుచుకుని, టీ పెట్టావా అని అడిగారు. గుమస్తా లేడు, సాక్ష్యం లేదు.

మర్నాడు ఆ ప్రశ్న కోసం ఎదురుచూశాను. తర్వాత ఆవిడ అడగకపోయినా నేనే చెప్పడం మొదలుపెట్టాను. రోజూ నాలుగింటికి, గేటు గడియ వేసి, చెప్పులు విప్పి, ఎదురుగా కూర్చుని చెప్పేదాన్ని. "మిమ్మల్నే పిలుస్తూ పోయిందట" అని కూడా కలిపాను. అది మా అమ్మది, ఆవిడకి అరువిచ్చాను. ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం. ఆవిడ ఏడుస్తుంటే నాకు హాయిగా ఉండేది. ఆ తర్వాత ఇద్దరం టీ తాగేవాళ్లం.

రెండు నెలలు గడిచాక, పగలు ఆవిడని కనిపెట్టుకుని ఉండే పనామె నన్ను వంటింట్లోకి పిలిచింది. "మేడంగారూ, నాలుగవుతుంటే అమ్మగారికి ఒకటే వణుకండి. గేటు చప్పుడైతే చాలు, చేతులు చల్లబడిపోతన్నాయండి. ఎందుకమ్మా అంటే ఏమో తెలవదంటన్నారు."

నాకు తెలుసు. పరీక్షలో వస్తే మార్కులేసే జవాబు అది. గుమస్తా పోయినా కుక్క బతికే ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రోజు నుంచి చెప్పడం మానేశాను. గడియకి నూనె వేశాను, ఆవిడకిష్టమని పొన్నూరు నుంచి సపోటాలు తెప్పించాను. "నా వల్ల తప్పయిందండి, క్షమించండి" అన్నాను. "దేనికమ్మా?" అంటూ ఆవిడ గోడవైపు జరిగారు. నా చేతి ముద్ద తినడం మానేశారు. పనామె పెడితే తినేవారు. మావారు చూసి, బాపట్లలో చెల్లెలింటికి పంపించేద్దామన్నారు. నేను అడ్డు చెప్పలేదు.

అక్కడ బాగున్నారు. కూతురికి పెళ్లయిందని రోజూ కొత్తగా విని, రోజూ కొత్తగా సంతోషిస్తున్నారట. నెల తర్వాత ఒక ఆదివారం వెళ్లాను. ఇల్లు వేరు, ఊరు వేరు, గేటు చప్పుడు లేదు. ఇప్పుడైనా నా చెయ్యి పట్టుకుంటారేమోనని ఆశ. చర్చిలో ఆరాధన అయ్యాక అందరూ వరసగా వచ్చి ఆవిడకి చెయ్యి కలుపుతూ వందనాలు చెబుతున్నారు. ముక్కూ మొహం తెలియని వాళ్లకి కూడా ఆవిడ రెండు చేతులూ ఇచ్చి, "వందనాలమ్మా, వందనాలయ్యా" అంటున్నారు. నేను చివర్న నిలబడ్డాను. నా వంతు వచ్చింది. వందనాలండీ అంటూ చెయ్యి చాపాను.

ఆవిడ చెయ్యి కొంగులోకి లాక్కున్నారు. ఎందుకు లాక్కున్నారో ఆవిడకే తెలిసినట్టు లేదు. పెదవులు వణికాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. నా మొహంలోకి చూస్తూ మెల్లగా అడిగారు.

"ఎవరు పోయారమ్మా?"